సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి వార్షిక నివేదిక: ఆట, చదువు, మనసు

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యవర్గ మిత్రులకు, సభ్యులందరికీ నమస్కారం.

ఏడాదికోసారి కార్యదర్శి లెక్క అప్పజెప్పాలని నియమావళి చెబుతోంది కనుక ఈ నివేదిక. పోటీల్లో ఆడే బడి పిల్లల కోసం పనిచేసే మన సంఘం ఆశయాలు మీకు తెలిసినవే, మళ్లీ ఏకరువు పెట్టను. ఈ ఏడాది మనం చేసింది ఒక్కటే పని. మైదానం వేసిన టైంటేబుల్, బడి వేసిన టైంటేబుల్, ఇల్లు వేసిన టైంటేబుల్, ఈ మూడింటినీ ఒకే కాగితం మీదికి తెచ్చాం. మూడూ వేసినవాళ్లు పిల్లల మేలు కోరేవాళ్లే. కాకపోతే ఒకరి కాగితం ఇంకొకరు చూడరు. మూడూ కలిపి మోసేది మాత్రం ఒక్క పిల్లో పిల్లవాడో.

168 గళ్ల కాగితం

ఏడాది మొదట్లో ప్రతి కుటుంబానికీ ఒక గళ్ల కాగితం ఇచ్చాం. అడ్డంగా ఏడు రోజులు, నిలువుగా 24 గంటలు, మొత్తం 168 గళ్లు. నింపే వరస కూడా మనమే చెప్పాం: ముందు నిద్ర, తర్వాత బడి, ఆ తర్వాతే ఆట. చాలామంది ఈ వరసను పట్టించుకోకుండా ఆటతో మొదలుపెట్టారు. అలా మొదలుపెడితే అన్నీ పోగా మిగిలినదే నిద్ర అవుతుంది. ఆ కాగితాలు వెనక్కిచ్చి మళ్లీ నింపించాం.

14 ఏళ్ల ఆటగాడి వారం సుమారుగా ఇలా వస్తుంది. రోజుకు 9 గంటల చొప్పున నిద్ర 63. బడి, రాకపోకలతో కలిపి 45. ప్రాక్టీసు 14. మైదానానికి వెళ్లిరావడం 7. ఇంటి దగ్గర చదువు 12. స్నానం, తిండి, తయారవడం 14. మొత్తం 155. మిగిలేది 13 గంటలు. స్నేహితులు, ఇంటి పనులు, ఏమీ చేయకుండా ఊరికే కూర్చోవడం, జ్వరమొస్తే పడుకోవడం అన్నీ ఆ 13లోనే. వారాంతంలో ఒక టోర్నమెంటు పడితే ఆ 13 పోవడమే కాదు, ఇంకో ఐదారు గంటలు ఎక్కడినుంచైనా తేవాలి. బడి ఇవ్వదు, కోచ్ ఇవ్వడు. అడగ్గానే ఇచ్చేది నిద్రే.

13 నుంచి 18 ఏళ్ల వారికి రోజుకు 8 నుంచి 10 గంటలు, 6 నుంచి 12 ఏళ్ల వారికి 9 నుంచి 12 గంటలు నిద్ర అవసరమని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ సిఫారసు. 8 గంటల కంటే తక్కువ నిద్రపోయే కౌమార ఆటగాళ్లకు గాయాల అవకాశం 1.7 రెట్లు ఉన్నట్టు 2014లో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది. నిద్ర పోతే చదువు పోతుందని చెబితే కొందరు కోచ్‌లు తల ఊపి ఊరుకున్నారు. గాయమవుతుందని చెబితే వెంటనే పెన్ను తీశారు. సభ్యులు ఇతరులతో మాట్లాడేటప్పుడు కూడా ఈ తేడా గుర్తుంచుకుంటే పని తొందరగా అవుతుంది.

తెల్లవారుజాము ప్రాక్టీసు మీద పెద్ద చర్చే జరిగింది. యుక్తవయసులో ఒంట్లో నిద్ర గడియారమే ఆలస్యంగా మోగుతుంది. రాత్రి 9కి దీపం ఆర్పినా 10:30 దాకా కునుకు పట్టకపోతే అది మొండితనం కాదు, ఫోను దోషమే అని కూడా అనలేం. అలాంటి పిల్లలను 4:30కి లేపితే దక్కేది ఆరు గంటలు. చివరికి వారానికి రెండు ఉదయాలకు మించకూడదు, అవి వరసగా రాకూడదు అని తీర్మానించాం. సాయంత్రం ప్రాక్టీసు పడుకునే వేళకు కనీసం రెండు గంటల ముందు ముగియాలి. పగటి కునుకు 20, 30 నిమిషాలు చాలు, అదీ మధ్యాహ్నం 3లోపే. వారమంతా కోసిన నిద్రను ఆదివారం మధ్యాహ్నం దాకా పడుకోబెట్టి తీర్చేద్దామని కొందరు తల్లిదండ్రులు అనుకుంటున్నారు. అలా చేస్తే ఆదివారం రాత్రి నిద్ర పట్టదు, సోమవారం బడికి పిల్ల సగం నిద్రలోనే వెళుతుంది.

గోడ నిండా ఏడాది

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సింది కోచ్‌లు, ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు ఒక రోజంతా, మధ్యాహ్నం నుంచి పిల్లలు కూడా ఒకే గదిలో కూర్చున్న సమావేశం. పేరుకు సమావేశమే గానీ ఉపన్యాసాలు లేవు, దండలు లేవు, వేదిక కూడా లేదు. గోడకు పొడవాటి కాగితం అతికించి 52 వరసలు గీశాం, వారానికి ఒకటి. బడి పరీక్షలకు ఎర్ర చీటీ, టోర్నమెంట్లకు నీలం, సెలక్షన్ ట్రయల్స్‌కు పసుపు, కుటుంబ ప్రయాణాలకు, సెలవులకు ఆకుపచ్చ. ఎవరి చీటీలు వాళ్లే అతికించాలి, ఇంకొకరి తరఫున అతికించకూడదు. మధ్యాహ్నానికల్లా ఏ వారాల్లో ఎరుపు, నీలం, పసుపు మూడూ ఒకదానిమీద ఒకటి పడ్డాయో గది అవతలి మూలనుంచి కూడా కనిపించింది. అంతవరకు "పిల్లలు సర్దుకుంటారు" అన్నవాళ్లు ఆ తర్వాత ఆ మాట అనలేదు.

అప్పుడు పెట్టుకున్న నియమాలు ఇవి. పరీక్ష, టోర్నమెంటు, సెలక్షన్, ఈ మూడింట్లో ఏ రెండూ ఒకే వారంలో ఉండకూడదు. తప్పదంటే ఆ వారం ప్రాక్టీసు సగం. టోర్నమెంటు నుంచి వచ్చిన మర్నాడు ప్రాక్టీసు లేదు, క్లాసు పరీక్ష కూడా లేదు. ఈ రెండో ముక్క ఒప్పుకున్నందుకు ఉపాధ్యాయులకు ప్రత్యేకంగా ధన్యవాదాలు, వాళ్లకది తేలిక కాదు. వారానికి ఒక రోజు ఆటకు పూర్తి సెలవు. ఆ రోజు "తేలికపాటి జాగింగ్" కూడా పెట్టకూడదు, ఎందుకంటే అది మూడో వారానికల్లా తేలికపాటిగా ఉండదు. ఒకే ఆట ఆడే పిల్లలకు ఏడాదిలో మొత్తం మూడు నెలలు ఆ ఆటకు విరామం, నెల చొప్పున విడగొట్టుకోవచ్చు. ఇది మనం కనిపెట్టింది కాదు, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2016లో చెప్పినదే. విరామమంటే మంచం మీద పడుకోమని కాదు. ఈత, సైకిలు, ఇంకో ఆట, ఏదైనా సరే.

పరీక్షల నెలలో ఆట పూర్తిగా మాన్పించాలన్న వాదన ఈసారీ వచ్చింది. తల్లిదండ్రుల భయం అర్థం చేసుకోదగ్గదే. కానీ రోజూ పరిగెత్తే ఒళ్లు ఒక్కసారిగా కుర్చీకి అతుక్కుపోతే నిద్ర చెడుతుంది, చిరాకు పెరుగుతుంది, పుస్తకం ముందు కూర్చున్న గంటలు పెరిగినా తలకెక్కేది పెరగదు. పరీక్షలయ్యాక మూడు నాలుగు వారాల ఖాళీ తర్వాత మొదటి రోజే పాత ప్రాక్టీసులోకి దూకితే తొడ వెనక కండరం పట్టేస్తుంది. కాబట్టి పరీక్షల్లోనూ వారానికి మూడు సార్లు, 40 నుంచి 45 నిమిషాలు. వేగం తగ్గించనక్కరలేదు, నిడివి మాత్రమే తగ్గించాలి. కొత్త నైపుణ్యం ఏదీ ఆ వారాల్లో నేర్పకూడదు. పరీక్షలయ్యాక మొదటి వారం మామూలు ప్రాక్టీసులో సగం, రెండో వారం ముప్పావు, మూడో వారం పూర్తి. మరో మాట, పరీక్షల ఒత్తిడి కూడా ఒంటి మీద బరువే. అమెరికా కళాశాల ఫుట్‌బాల్ ఆటగాళ్ల మీద 2016లో వచ్చిన ఒక అధ్యయనంలో చదువు ఒత్తిడి ఎక్కువున్న వారాల్లో గాయాలు, జబ్బులు పెరిగినట్టు కనిపించింది. మైదానంలో ఏమీ మారకపోయినా పిల్లవాడు అలిసిపోవచ్చు.

గోడ కాగితంలో మనం చేసిన తప్పు కూడా చెప్పాలి. మొదట పిల్లలను పిలవలేదు, మధ్యాహ్నం నుంచి పిలిచాం. వాళ్లు వచ్చాక తెలిసింది, ప్రాజెక్టులు అప్పగించే గడువులు, ప్రయోగ పరీక్షలు, ట్యూషన్ పరీక్షలు ఏ చీటీలోనూ లేవని. పెద్దలకు కనిపించేది పరీక్ష తేదీ. పిల్లల్ని నలిపేది దానికి ముందు పదిరోజుల గడువులు.

ప్రాక్టీసు బరువు కొలవడం

ఒక్కో పిల్లకు ఇద్దరు ముగ్గురు కోచ్‌లు. క్లబ్బు కోచ్, బడి జట్టు కోచ్, ఫిట్‌నెస్ ట్రైనర్. ఎవరికి వాళ్లు తమ 90 నిమిషాలే చూస్తారు. అందుకని అందరికీ అర్థమయ్యే ఒక కొలత పెట్టాం. ప్రాక్టీసు ముగిసిన అరగంటకు పిల్లను ఒకే ప్రశ్న అడగాలి: మొత్తం మీద ఎంత కష్టమనిపించింది, 0 నుంచి 10లో? ఆ అంకెను నిమిషాలతో గుణించాలి. 90 నిమిషాలు, కష్టం 5 అయితే 450. వారానికి ఐదు ప్రాక్టీసులైతే 2250. అదే పిల్ల బడి పోటీలకు ముందు బడి జట్టుతో మరో నాలుగు సార్లు ఆడితే 4050. ఒక్క వారంలో 80 శాతం పెరిగింది, అయినా ఏ కోచ్‌ను అడిగినా "నేనేం పెంచలేదే" అంటాడు. నిజమే, ఎవరూ పెంచలేదు.

అరగంట ఆగి అడగమనడానికి కారణం ఉంది. వెంటనే అడిగితే చివరి పది నిమిషాల్లో చేసిన పరుగుల కష్టమే చెబుతారు. పక్కవాళ్ల ముందు అడిగితే అందరూ ఒకే అంకె చెబుతారు. కోచే గట్టిగా అడిగితే తక్కువ చెబుతారు. కాగితం మీద రాసి డబ్బాలో వేయించడమే మేలు. వారానికి 10 శాతానికి మించి పెంచకూడదన్న మాట చాలామంది విన్నారు. అది ఇనుప నియమం కాదు, బాగా తక్కువ నుంచి మొదలుపెట్టే పిల్లకు 20 శాతం కూడా ఫరవాలేదు. అయితే ఒక్కసారిగా దూకిన వారాన్ని గుర్తించడానికి అదొక గుర్తుగా పనికొస్తుంది. వారంలో వ్యవస్థీకృత ఆట గంటలు పిల్లల వయసు అంకెను దాటకూడదన్న లెక్క అంతకంటే తేలిక: 12 ఏళ్ల పిల్లకు 12 గంటలు. తల్లిదండ్రులు కూడా వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు.

ఒక్కసారిగా పొడవు పెరిగే కాలంలో మరింత జాగ్రత్త కావాలి. ఆడపిల్లల్లో సుమారు 12 ఏళ్లకు, మగపిల్లల్లో 14కు ఆ వేగం గరిష్ఠానికి చేరుతుంది. మోకాలి చిప్ప కింద గడ్డలాంటి నొప్పి, మడమ నొప్పి అప్పుడే మొదలవుతాయి. నిరుటి వరకు చక్కగా వచ్చిన షాట్ తడబడుతుంది, ఎందుకంటే చేతులు కాళ్ల పొడవు మారింది, మెదడు ఇంకా పాత పొడవునే లెక్కపెడుతోంది. కోచ్ దానిని శ్రద్ధ తగ్గడమనుకుంటాడు, పిల్లవాడు తనకిక ఆట రాదనుకుంటాడు. మూడు నెలలకోసారి గోడ దగ్గర నిలబెట్టి ఎత్తు గుర్తు పెట్టండి. రెండు గుర్తుల మధ్య దూరం ఎక్కువైతే గెంతులు, దూకుళ్లు తగ్గించండి.

ఐదు ప్రశ్నల కార్డు

మనసు విషయంలో ఉపన్యాసాల కంటే చిన్న కార్డు ఎక్కువ పనిచేసింది. నిద్ర, అలసట, కండరాల నొప్పి, ఒత్తిడి, మూడ్. ఒక్కోదానికి 1 నుంచి 5, 5 అంటే అంతా బాగుందని. నింపడానికి అర నిమిషం. మొదటి మూడు వారాలు ఏ చర్యా తీసుకోకూడదు, ఆ పిల్ల మామూలు స్థాయి ఏమిటో తెలియాలి. ఎప్పుడూ 3 వేసే పిల్ల 3 వేస్తే ఏమీ కాదు, ఎప్పుడూ 5 వేసే పిల్ల మూడు రోజులు వరసగా 3 వేస్తే మాట్లాడాలి. ఒకరితో ఒకరిని పోల్చకూడదు.

ఈ కార్డు మొదటి ప్రయత్నంలో పూర్తిగా చెడింది. కోచ్‌ల చేతికిచ్చాం. తక్కువ అంకె వేసిన పిల్లలను "రెస్టు తీసుకో" అని మ్యాచ్ నుంచి తప్పించడంతో రెండో వారానికల్లా అందరికీ అన్నీ 5లే. తప్పు పిల్లలది కాదు, అబద్ధం చెప్పడం నేర్పింది మనం. తర్వాత కార్డులు మైదానంతో సంబంధం లేని ఒక వాలంటీరు దగ్గరికే వెళ్లేలా మార్చాం. కోచ్‌కు చేరేది "ఈ వారం ప్రాక్టీసు బరువు తగ్గించండి" అన్న మాట మాత్రమే, కారణం కాదు. ఎవరు చదువుతారో, ఏ విషయం దాచరో పిల్లలకు ముందే చెప్పాం: తమకు తాము హాని చేసుకునే ఆలోచన, ఎవరైనా హింసించడం, ఈ రెండూ దాచం. మిగతావి పిల్ల ఒప్పుకుంటేనే బయటికి.

ఆట మీద విరక్తిని గుర్తుపట్టడం గురించి ఒక మాట. అలసిపోయిన పిల్ల రెండు రోజులు విశ్రాంతి ఇస్తే తేరుకుంటుంది. విరక్తి అలా పోదు. దానికి మూడు ముఖాలున్నాయి: ఒళ్లూ మనసూ ఇంకిపోవడం, ఎంత ఆడినా ఏమీ సాధించలేదనిపించడం, ఒకప్పుడు ప్రాణంగా ఉన్న ఆట విలువలేనిదిగా కనబడటం. మూడోది ముదిరితే గెలిచినా ముఖం వెలగదు. పిల్లలు దీన్ని నోటితో చెప్పరు. ప్రాక్టీసు రోజుల్లోనే కడుపు నొప్పి, కిట్ మరచిపోవడం, ఆలస్యంగా రావడం, ఇలా బయటపడుతుంది. అప్పుడు "ఇంత ఖర్చు పెట్టాం" అన్న మాట తల్లిదండ్రుల నోట రాకూడదు. ఆ మాటతో ఆట పిల్లకు బాకీ అయిపోతుంది.

ఓడిన రోజు ఇంటికి తిరిగొచ్చే దారి కూడా ముఖ్యమే. ఆ దారిలో మ్యాచ్ సమీక్ష వద్దు. పిల్లే మొదలుపెడితే వినండి, లేకపోతే తిండి సంగతి మాట్లాడండి. సమీక్ష కోచ్ పని, అది మర్నాడు. గెలిచిన రోజుకూ ఇదే వర్తిస్తుంది. గెలుపు తర్వాతా మనసు కుంగవచ్చు: 2008 బీజింగ్‌లో స్వర్ణం గెలిచాక తనను చుట్టుముట్టిన శూన్యం గురించి షూటర్ అభినవ్ బింద్రా బహిరంగంగానే చెప్పారు. పక్కకు తప్పుకోవడం ఆటకు ముగింపు కాదనడానికి అమెరికా జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ చాలు. 2021లో జరిగిన టోక్యో క్రీడల్లో గాలిలో తన శరీరం ఎక్కడుందో తెలియని స్థితిలో జట్టు ఫైనల్ మధ్యలో వైదొలగారు, 2024 పారిస్‌లో మూడు స్వర్ణాలు గెలిచారు. ఈ రెండు ఉదాహరణలూ పిల్లల దగ్గర కంటే కోచ్‌ల దగ్గరే ఎక్కువ అవసరపడ్డాయి.

సెలక్షన్ జాబితా ఎలా చెప్పాలన్నదానిపై పట్టుబట్టాం. గ్రూపులో ఫొటో పెట్టడం, నోటీసు బోర్డుకు అతికించడం ఆపించాం. ఎంపిక కాని పిల్లకు జాబితా బయటికొచ్చే ముందే విడిగా చెప్పాలి. ఐదు నిమిషాలు చాలు. ఏం తక్కువైందో ఒకటి రెండు ఖచ్చితమైన విషయాలు, మళ్లీ ఎప్పుడు చూస్తారో తేదీ. "బాగా ఆడావు గానీ" అన్న వాక్యం వద్దు. అదే రోజు తల్లికో తండ్రికో ఫోన్. రెండు మూడు రోజులకోసారి, రెండు వారాలపాటు ఎవరో ఒకరు పలకరించాలి. చిన్న వయసు ఎంపికల్లో పుట్టిన నెల కూడా పనిచేస్తుంది. వయసు లెక్కకు పెట్టిన కటాఫ్ తేదీ తర్వాత వెంటనే పుట్టినవాళ్లు ఆ వయసు వర్గంలో పెద్దవాళ్లు, బలంగా కనిపిస్తారు. కెనడా ఐస్ హాకీలో రోజర్ బార్న్స్‌లీ బృందం 1985లోనే ఇది చూపించింది. కటాఫ్‌కు ముందు నెలల్లో పుట్టి తిరస్కారానికి గురైన పిల్లకు ఈ సంగతి చెప్పడం ఓదార్పు కోసం కాదు, అది నిజం.

పరిస్థితి తీవ్రంగా ఉందనిపిస్తే వాలంటీరు చేయాల్సిన పని చాలా తక్కువ, కానీ ఆలస్యం లేకుండా చేయాలి. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి, పెద్దవాళ్లకు చెప్పండి, అదే రోజు వైద్యుని దగ్గరికి తీసుకెళ్లండి. రహస్యంగా ఉంచుతానని ముందే మాట ఇవ్వకండి. కౌన్సెలింగ్ మన వాలంటీర్ల పని కాదు, చెవి ఇవ్వడం, చేయి పట్టుకుని సరైన తలుపు దాకా తీసుకెళ్లడం మన పని.

ఒంటి సంగతులు రెండు

తూకం అందరిముందు వేయడం ఆపించాం. తిండి తక్కువై శ్రమ ఎక్కువైతే ఎముకలు, హార్మోన్లు, మనసు అన్నీ దెబ్బతింటాయి. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు 2014లో దీనికి రెడ్-ఎస్ (ఆటలో శక్తి లోటు) అని పేరు పెట్టారు. ఆడపిల్లకు మూడు నెలలు వరసగా నెలసరి రాకపోతే, లేదా 15 ఏళ్లు నిండినా మొదలుకాకపోతే వైద్యురాలికి చూపించాలి. "కష్టపడి ఆడుతోంది కాబట్టి మామూలే" అన్నమాట తప్పు. మగపిల్లలకూ ఇది వస్తుంది, అక్కడ నెలసరిలాంటి హెచ్చరిక ఉండదు గనుక ఇంకా ఆలస్యంగా తెలుస్తుంది.

రెండోది తల దెబ్బ. అనుమానం వస్తే ఆ రోజుకు ఆట ముగిసినట్టే, "బాగానే ఉన్నాను" అని పిల్లవాడే చెప్పినా సరే. ఒకటి రెండు రోజులు పూర్తి పడక కాదు, తేలికపాటి విశ్రాంతి, తక్కువ స్క్రీన్. తర్వాత ముందు చదువు, ఆ తర్వాత ఆట. అరగంట చదివినా తలనొప్పి రాకపోతే సగం పూట బడి, అది కుదిరితే పూర్తి బడి. మైదానానికి ఆరు మెట్లలో తిరిగి రావాలి, ఒక్కో మెట్టుకు కనీసం 24 గంటలు, ఒళ్లు తగిలే ఆటకు ముందు వైద్యుడి అనుమతి. బడికి పూర్తిగా వెళ్లలేని పిల్ల మ్యాచ్ ఆడటానికి వస్తే వెనక్కి పంపండి.

టోర్నమెంటుకు వెళ్లే పిల్లల చదువు

మూడు వారాల ముందు బడికి ఉత్తరం: తేదీలు, పోయే క్లాసులు, తిరిగొచ్చే రోజు. ఉత్తరం ఇచ్చి ఊరుకోకూడదు, ముందుగా ప్రయోగశాల తరగతుల తేదీలు అడగాలి. పోయిన పాఠాన్ని నోట్సు చూసి చదువుకోవచ్చు, పోయిన ప్రయోగాన్ని చదువుకోలేం. ఒక్క తోటి విద్యార్థి మీదే నోట్సు భారం వేయకుండా సబ్జెక్టుకు ఒకరు చొప్పున ఒప్పుకున్నారు. ఆ పిల్లలకు ఈ సభ తరఫున ప్రశంస. టోర్నమెంటులో మ్యాచ్ లేని పూట 45 నిమిషాలు, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, అంతే. రోజంతా పుస్తకాలు మోయించినా ఎవరూ చదవలేదు. పెద్ద సంచీ తెచ్చిన పిల్ల ఏమీ చదవక నేరభావంతో తిరిగొచ్చింది, రెండు పాఠాలు చింపి తెచ్చుకున్న పిల్ల రెండూ పూర్తిచేసింది. పుస్తకాలు చింపమని మనం చెప్పడం లేదు, ఫొటోకాపీ తీయండి.

జమాఖర్చులు

ఆడిటర్ సంతకం చేసిన పత్రం మీ చేతుల్లో ఉంది. కోశాధికారి వివరిస్తారు. ఎక్కువ ఖర్చు కాగితం, ప్రింటింగ్, మనస్తత్వవేత్త ప్రయాణ ఖర్చుల మీద. ఈ మూడో పద్దు గురించి నిరుడు ప్రశ్న వేసిన సభ్యులు ఈసారి వేసే ముందు పై పేజీలు చదవగలరు.

జరగనివి

క్రీడా అధికారులకు మూడు ఉత్తరాలు రాశాం. పోటీల తేదీలు పరీక్షల క్యాలెండర్ వచ్చాక వేయండి, కనీసం ఎనిమిది వారాల ముందు ప్రకటించండి, ఇంతే అడిగాం. మొదటి ఉత్తరానికి రసీదు వచ్చింది. రెండోదానికి అదీ రాలేదు. మూడోది ఇచ్చిన వారమే పరీక్షల మధ్యలో ఒక పోటీ ప్రకటన వెలువడింది, పది రోజుల గడువుతో. ఇన్ని చీటీలు అతికించి కూర్చున్న మన గోడ ఆ ప్రకటన ముందు వెలవెలబోయింది.

వాలంటీర్ల సంగతి చెప్పక తప్పదు. సభలో చేతులెత్తినవాళ్లు ఎక్కువ, వారానికోసారి కార్డులు చదవడానికి వచ్చినవాళ్లు ముగ్గురు. ఆ ముగ్గురూ ప్రతిసారీ ఆ ముగ్గురే. కార్డు వారం ఆలస్యంగా చదివితే దానికి విలువ లేదు, పిల్లలు రాయడం మానేస్తారు, మానేశారు కూడా. రాలేనని ముందే చెబితే ఇంకొకరిని చూసుకుంటాం. గోడ కాగితం పూర్తయ్యాక ఫొటో తీసేటప్పుడు మాత్రం స్థలం చాలలేదు.

పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు తోడుండే పథకం కాగితం మీదే ఉండిపోయింది. అందుకు బాధ్యత కార్యవర్గానిదే.

కృతజ్ఞతలు

చీటీలు కత్తిరించి, రంగులు విడదీసి, పొద్దున్నే గోడ దగ్గర నిలబడ్డ తల్లులకు, క్లాసు పరీక్షను వేరే రోజుకు జరిపిన ఉపాధ్యాయులకు, నెలకు రెండు సాయంత్రాలు ఇచ్చిన మనస్తత్వవేత్తకు, పిలిచిన ప్రతిసారీ మైదానానికే వచ్చిన ఫిజియోకు, చెప్పిన వేళకు దీపాలు ఆర్పి కోచ్‌ల చేత తిట్లు తిన్న మైదానం కాపలాదారుకు, పొద్దుటి ప్రాక్టీసు తగ్గించుకుని తోటి కోచ్‌ల వెటకారం భరించిన ఇద్దరు కోచ్‌లకు, హాజరు పట్టిక సర్దిన బడి గుమాస్తాలకు, ప్రయోగశాల సహాయకులకు, నోట్సు రాసిచ్చిన పిల్లలకు, గది ఇచ్చినవారికి, కుర్చీలు మోసినవారికి, ఆ ముగ్గురు వాలంటీర్లకు. పేరు పేరునా రాస్తే ఎవరిదో ఒకటి మరచిపోతాం, అది నిరుడు జరిగింది, అందుకే ఈసారి పేర్లు లేవు.

వచ్చే ఏడాదికి

కొత్త గోడ కాగితం బడి తెరిచిన రెండో వారంలో అతికిస్తాం. ఈసారి పిల్లలు పొద్దుటి నుంచే ఉంటారు, గడువులకు ఊదారంగు చీటీ అదనంగా వస్తుంది. బడి పరీక్షల తేదీలు అందిన వారంలోపు మాకు పంపాలి. కార్డులు చదవడానికి వారానికి ఇద్దరు చొప్పున, నెలకోసారి వంతు వచ్చేలా ఎనిమిది మంది కావాలి. పేర్లు రాసుకునే పుస్తకం బయట బల్ల మీద ఉంది. పేరు పక్కన రాగలిగే రోజు కూడా రాయండి. రోజు రాయని పేర్లను ఈసారి లెక్కలోకి తీసుకోవడం లేదు.

ఇట్లు,
కార్యదర్శి